ఒకే పటముపై రెండు కొలతలు

1821వ సంవత్సరమున విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు, ఇంగ్లండునందలి వ్యవసాయ సంకటమును గూర్చిన తన లేఖాగ్రంథమున, 1565 మొదలుకొని తన కాలము వఱకు గోధుమల ధరను స్తంభములుగను, నిపుణుడైన చేతిపనివాని వారపు కూలిని రేఖగను గీచి, వానిపై రాజుల, రాణుల పరిపాలనాకాలములను గూడ చేర్చి, మూడు విషయములను ఒక్క చూపునకే యందించెను. ధరయు కూలియు షిల్లింగులలోనే యుండుటచేత ఆయనకు ఒక్క కొలమానమే చాలెను.

హైదరాబాదు వర్షపాతమును, పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతను నెలలవారీగా ఒకచోట చూపదలచినవానికి అట్టి వెసులుబాటు లేదు. ఆగస్టు వాన 150 మిల్లీమీటర్లు దాటును. మే నెల యెండ సగటున 40 డిగ్రీల చెంతనే నిలుచును. రెండింటిని ఒకే అక్షమున కెక్కించితిమా, ఉష్ణోగ్రతారేఖ స్తంభముల పాదములకడ నేలబారుగా ప్రాకి, మండువేసవికిని మార్గశిరపు చలికిని భేదమే సరిగా తెలియకుండును.

ఇట్టి మిశ్రమ పటమును స్ప్రెడ్‌షీటునందు మౌసుతోనే కూర్పవచ్చును గాని, ప్రతి జిల్లాకును ప్రతి యేటను అదే పని చేయవలసివచ్చునప్పుడు కోడ్ వ్రాసికొనుటయే మేలు. పైథాన్ భాషకు చెందిన ఓపెన్‌పైఎక్సెల్ అను లైబ్రరీయందు బార్ చార్టును, లైన్ చార్టును వేర్వేఱుగా సిద్ధపఱచి, తుదకు కూడిక గుర్తుతో ఒకదానికొకటి కలుపుదురు. కీలకమంతయు ఈ రెండు పనుల నడుమ నున్నది. నిలువు అక్షమునకు గుర్తింపు సంఖ్య యొకటి యుండును. అది మామూలుగా 100. రేఖాపటపు అక్షమునకు దానిని 200గా మార్చనిచో రేఖ స్తంభముల కొలమానమునకే కట్టుబడి, మరల ఆ నేలబారు గీతయే దక్కును. ఆ అక్షమునకే 'క్రాసెస్' అను గుణమున 'మాక్స్' అని వ్రాసినచో అది కుడి యంచునకు జరుగును.

ఇంతటితో పటము సిద్ధమగును గాని, సత్యము సిద్ధమయినదని చెప్పజాలము. కూలితో పోల్చిచూడ గోధుమ మునుపెన్నడును ఇంత చవుక కాదని ప్లేఫేర్ వాదము. కాని ఆ నిష్పత్తిని ఆయన గీయలేదు, పాఠకుడే మనస్సున లెక్కించుకొనవలెను. రెండు అక్షములున్నప్పుడు ఈ చిక్కు రెట్టింపగును: డిగ్రీల కొలమానమును సున్న నుండి గాక 25 నుండి మొదలుపెట్టినంతనే వేసవి కొండవలె నిక్కును, వానతో దాని సంబంధమే మాఱినట్లు తోచును. కోడునందు ఈ హద్దులు స్కేలింగ్ అను గుణము క్రింద అంకెలుగా వ్రాయబడియుండును గనుక, మఱియొకడు వానిని చదివి ప్రశ్నింపగలడు. అందుచేతనే కనిష్ఠ, గరిష్ఠములను యంత్రమునకు వదలక స్వయముగా వ్రాయుడనియు, ఎడమవైపున మిల్లీమీటర్లు, కుడివైపున డిగ్రీలు అని శీర్షికలు విధిగా నుంచుడనియు పట్టుపట్టి చెప్పుచున్నాను.