శివారు చేనుకు నీరు

"మేష్టారూ! ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలో 48 జట్లకు చోటిచ్చారు గదా, మనకెందుకు దక్కలేదండీ?" అని మా కాలేజీ కుర్రవాడొకడు నిలదీశాడు.

1930లో ఆడినవి 13 జట్లే. 1982లో 24 అయ్యాయి, 1998లో 32, 2026 పోటీకి 48. ఇంతమందిని పిలిస్తే ఆటలో పస పోతుందని కొందరి గొణుగుడు. నేనొప్పుకోను. మన బెజవాడ జనాభాలో ఆరోవంతైనా లేని కురసావ్ ద్వీపం అర్హత సంపాదించింది! ఆ రాత్రి అక్కడ ఎవరికైనా నిద్రపట్టి ఉంటుందా?

ఆసియాకు నేరుగా ఎనిమిది స్థానాలిచ్చారు. అయినా 2024 జూన్‌లో ఖతార్ చేతిలో 2-1తో ఓడి, మనవాళ్ళు రెండో దశలోనే ఇంటిముఖం పట్టారు. రిఫరీ అన్యాయం చేశాడని గోలపెట్టాం గాని, అంతకు ముందు మార్చిలో సొంతగడ్డ మీద, గౌహతిలో, అఫ్గానిస్తాన్‌కు తలవంచింది ఎవరు?

కాలువ ఎంత వెడల్పు చేసినా, బోదె తవ్వుకోని శివారు రైతుకు నీరెక్కడిది? మనకూ ఒకప్పుడు బోదె తవ్విన మనిషి ఉండేవాడు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగో స్థానం తెచ్చుకుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో, సికింద్రాబాదు కుర్రవాడు బలరాం కూడా ఉన్న జట్టుతో, స్వర్ణమే గెలిచింది.

మరుసటి ఏడే రహీం కన్నుమూశాడు. ఆ స్వర్ణం మళ్ళీ మనకు రాలేదు.