మోకాలి మృదులాస్థి పునరుత్పత్తికి శరీరంలో కరిగే ఇంప్లాంట్లు

గుర్రాలు, శునకాల వెనుక కాలి మోకాలి కీలులో ఎముకల చివరలను కప్పి ఉండే మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. అందువల్ల గాయపడిన భాగం తనంతట తాను పూర్తిగా మానదు. క్రమేణా కీలు అరిగి కుంటితనం ఏర్పడుతుంది.

దీని నివారణకు కొల్లాజెన్ లేదా పాలీలాక్టిక్ ఆమ్లంతో తయారైన, సూక్ష్మరంధ్రాలు గల ఇంప్లాంటును గాయపు గుంటలో అమరుస్తారు. ఆ రంధ్రాలలో కణాలు స్థిరపడి కొత్త కణజాలాన్ని నిర్మిస్తాయి. పాలీలాక్టిక్ ఆమ్లం క్రమంగా లాక్టిక్ ఆమ్లంగా విడిపోయి, చివరకు కార్బన్ డయాక్సైడు, నీరుగా మారుతుంది. కనుక ఇంప్లాంటును తొలగించుటకు మరొక శస్త్రచికిత్స అవసరం ఉండదు.

అయితే కరిగే వేగమే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ముందే కరిగితే లేత కణజాలం శరీర భారాన్ని మోయలేదు. ఆలస్యమైతే దాని ఎదుగుదలకు అడ్డుపడుతుంది. కుందేళ్లలో ఇటువంటి గాయం కొంతవరకు సహజంగానే మానుతుంది. అందుచేత మేకలు, గొర్రెలలో దీర్ఘకాలం పరీక్షించిన పిదపనే ఇంప్లాంటు సామర్థ్యాన్ని నిర్ధారించుట సముచితం.