పన్నెండు వోల్టుల కాలువ

కంప్యూటరు పెట్టెలో అందరి దృష్టినీ ఆకర్షించేవి ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు. ఒక మూలన ఒదిగి ఉండి వాటికి శక్తినందించే పవర్ సప్లైని గురించి ఆలోచించేవారు అరుదు. కొత్త గ్రాఫిక్స్ కార్డును అమర్చిన పిదప, ఆట రసవత్తరంగా సాగుతున్న వేళ యంత్రం హఠాత్తుగా ఆగిపోతే నింద కార్డు మీదనే పడుతుంది. పవర్ సప్లై మీది లేబుల్‌ను చదివినవారికి అసలు కారణం అక్కడే కనిపించవచ్చు.

మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు. కంప్యూటరు భాగాలు దానిని నేరుగా భరించలేవు. పవర్ సప్లై దానిని ఏకముఖ విద్యుత్తుగా మార్చి, ప్రధానంగా 3.3, 5, 12 వోల్టుల పాయలుగా పంచుతుంది. ఇట్టి ఒక్కొక్క పాయకు సాంకేతిక పరిభాషలో 'రైలు' అని పేరు. పొగబండితో దీనికి పని లేదు. పంటకాలువతో పోల్చుకొంటే విషయం సులభంగా బోధపడుతుంది. కాలువలో నీటిమట్టం వంటిది వోల్టేజి. పారే నీటి పరిమాణం వంటిది ఆంపియర్లలో కొలిచే ప్రవాహం. ఈ రెంటినీ గుణిస్తే వచ్చేవి వాట్లు. చెరువు ఎంత నిండుగా ఉన్నా తూము ఇరుకైతే చివరి మడికి నీరందదు.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ ప్రమాణాన్ని ప్రవేశపెట్టిన నాళ్లలో 3.3, 5 వోల్టుల పాయలకే ప్రాధాన్యం. క్రమంగా ప్రాసెసర్ల ఆకలి పెరిగింది. తక్కువ వోల్టేజితో ఎక్కువ శక్తిని పంపాలంటే ప్రవాహాన్ని పెంచాలి. ప్రవాహం రెట్టింపయితే తీగలో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. అందువల్ల 2000 నాటి పెంటియం 4 కాలం నుండి భారం 12 వోల్టుల పాయ మీదికి మారింది. నేటి గ్రాఫిక్స్ కార్డు తనకు కావలసిన శక్తిలో అత్యధిక భాగాన్ని ఈ పాయ నుండే గ్రహిస్తుంది.

కొనుగోలుదారు మోసపోయేది ఇక్కడనే. లేబుల్ మీద పెద్ద అంకెలలో 450 వాట్లని ఉండవచ్చు. అది అన్ని పాయల మొత్తం. 12 వోల్టుల ఎదుట 18 ఆంపియర్లని మాత్రమే ఉంటే, ఆ పాయ ఇవ్వగలిగినది 216 వాట్లే. ప్రాసెసరుకు 95, కార్డుకు 150 వాట్లు కావలసివస్తే మొత్తం 245. పొరుగు కాలువ పొంగి పొర్లుతున్నా ఈ చేనికి ఒరిగేదేమీ లేదు. రక్షణ వలయం సక్రమంగా ఉన్న పవర్ సప్లై అట్టి సమయంలో తనంత తానే ఆగిపోతుంది. నాసిరకపుదైతే కాలిపోవచ్చు; పోతూ పోతూ మదర్‌బోర్డునూ, నెలల తరబడి కూడబెట్టి కొన్న కార్డునూ వెంట తీసుకొనిపోవచ్చు. కార్డుకు వేలు వెచ్చించి పవర్ సప్లై దగ్గర వందలు మిగుల్చుకోవడం పొదుపు అనిపించుకోదు.

కొన్ని లేబుళ్ల మీద 12 వోల్టుల పాయలు రెండు కనిపిస్తాయి. చెరి 18 ఆంపియర్లున్నాయి గనుక మొత్తం 36 అనుకోవడం సహజమే గాని సరి కాదు. చాలావాటిలో మూలం ఒక్కటే. ఏ తీగలోనూ ప్రవాహం హద్దు మీరకుండా పాయకొక కాపలా ఉంటుంది, అంతే. రెండూ కలిసి 360 వాట్లకు మించరాదని పక్కనే ముద్రించి ఉంటే అదే శిరోధార్యం. పాయలు ఒకటా రెండా అన్న వాదం కంటె ఈ ఉమ్మడి పరిమితి ముఖ్యం.

శక్తి కార్డును చేరే దారులకూ హద్దులున్నాయి. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లనిస్తుంది. 6 పిన్నుల కనెక్టరు మరో 75, 8 పిన్నులది 150 వాట్లు ఇస్తాయి. 2022 నుండి వాడుకలోకి వచ్చిన 16 పిన్నుల కనెక్టరు 600 వాట్ల వరకు మోయగలదు. అంటే 50 ఆంపియర్లు! అది పూర్తిగా లోనికి దిగనందున పిన్నుల వద్ద వేడి పుట్టి ప్లాస్టిక్ కరిగిన ఉదంతాలున్నాయి. కనుక దానిని చివరి వరకు నొక్కి, మొదట్లోనే తీగ ఒంపు తిరగకుండా సర్దిన తరువాతనే పెట్టె మూత బిగించాలి.