కొండెక్కితే బైక్‌కు ఆయాసం ఎందుకు?

లద్దాఖ్‌లోని లేహ్ నుంచి ఒక అక్క ఒంటరిగా బైక్ మీద ఖర్దుంగ్ లాకు బయల్దేరింది అనుకోండి. 'లా' అంటే అక్కడి భాషలో కనుమ. ఇది సముద్రమట్టానికి 5,300 మీటర్లకు పైనే ఉంది. పైకి వెళ్లేకొద్దీ యాక్సిలరేటర్ ఎంత తిప్పినా బండి లాగదు. ఎందుకు?

పెట్రోలు మండాలంటే ఆక్సిజన్ కావాలి. ఆ ఎత్తులో కూడా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. కానీ గాలి పీడనం సముద్రతీరంలో ఉన్నదాంట్లో దాదాపు సగం. అంటే ఇంజిన్ పీల్చే ప్రతి గుక్కలోనూ ఆక్సిజన్ బాగా తక్కువ. అందుకే శక్తి తగ్గుతుంది.

కార్బ్యురేటర్ ఉన్న పాత బళ్లలో గాలి పలచబడినా పెట్రోలు అంతగా తగ్గదు. అది పూర్తిగా మండక నల్లని పొగ వస్తుంది. కొత్త బళ్లలో సెన్సర్లు గాలి పీడనాన్ని కొలిచి, పెట్రోలును ఆ మేరకు తగ్గిస్తాయి. పొగ రాదు కానీ, పోయిన శక్తి మాత్రం తిరిగి రాదు.

మరి ఎక్కేదెలా? చిన్న గేరులో, నిదానంగా. దిగేటప్పుడూ చిన్న గేరే మేలు. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కవు.

మన ఊపిరితిత్తులదీ ఇదే కథ. అందుకే పైకి వెళ్లేముందు లేహ్‌లో కనీసం రెండు రోజులు విశ్రాంతి తీసుకోవాలి. తోడు లేని ప్రయాణంలో ఇది మరీ ముఖ్యం.