వార్తల్లో పదం: హామీదారు

స్నేహితుడి అప్పుకు సంతకం పెట్టి, ఇంటిని తనఖా ఉంచిన వ్యక్తికి బ్యాంకు నోటీసు వస్తే మొదట వచ్చే ప్రశ్న: ‘అప్పు తిన్నవాణ్ని వదిలి నా మీదికెందుకు?’ చట్టం జవాబు కఠినంగానే ఉంటుంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, హామీదారు బాధ్యత రుణగ్రహీతతో సమానం. 2002 నాటి సర్ఫేసీ చట్టం ‘రుణగ్రహీత’ నిర్వచనంలోనే హామీదారునూ చేర్చింది.

ఈ చట్టం కింద బ్యాంకు కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. అయితే ముందుగా 60 రోజుల గడువుతో డిమాండ్ నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నవారు అభ్యంతరం తెలిపితే బ్యాంకు 15 రోజుల్లో కారణాలతో జవాబివ్వాలి. స్వాధీన చర్యలు మొదలయ్యాక 45 రోజుల్లోపు హామీదారు రుణ వసూలు ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్, విశాఖపట్నంలలో ఇవి ఉన్నాయి. ఈ వ్యవహారాల్లో సివిల్ కోర్టులకు అధికారం లేదు.

2010లో యునైటెడ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా కేసులో, హామీదారు ఆస్తిపై చర్యలను ఆపిన అలహాబాద్ హైకోర్టు ఉత్తర్వును సుప్రీంకోర్టు కొట్టేసింది. ట్రిబ్యునల్ ఉండగా హైకోర్టులు తొందరపడి జోక్యం చేసుకోరాదంది.

నోటీసు సరిగా అందకపోవడం, తనఖా పెట్టింది వ్యవసాయ భూమి కావడం వంటివి హామీదారుకు బలమైన వాదనలు. సాగుభూమికి ఈ చట్టం వర్తించదు. బాకీ మొత్తం తీర్చిన హామీదారు, బ్యాంకుకున్న హక్కులతోనే అసలు రుణగ్రహీత నుంచి ఆ సొమ్ము రాబట్టుకోవచ్చు.