నీలిమేఘాలకు దారి

ఉద్యోగంలో ఎవరైనా అనతికాలంలోనే ఉన్నత పదవిని అందుకుంటే చైనీయులు 'ఛింగ్ యున్ జి షాంగ్' అంటారు. నీలిమేఘాలలోకి నిటారుగా ఎగసిపోవడమని ఈ నాలుగక్షరాల నానుడికి అర్థం. నేడు అభినందనగా పలికే ఈ మాట మొదట భయంతో వణికిన ఒక మనిషి నోట వెలువడింది. ఆ వృత్తాంతాన్ని రెండువేల సంవత్సరాలకు పూర్వం సీమా ఛియెన్ తన చరిత్ర గ్రంథం 'షీజీ'లో పొందుపరిచాడు.

చైనాలో ఏడు పెద్ద రాజ్యాలు పరస్పరం పోరాడుతున్న కాలమది. వెయ్ రాజ్యంలో ఫాన్ జ్యూ అనే నిరుపేద మేధావి, షూ జ్యా అనే అధికారిని ఆశ్రయించి ఉండేవాడు. ఇద్దరూ రాయబారానికి వెళ్ళినప్పుడు అక్కడి రాజు ఫాన్ జ్యూకు కానుకలు పంపాడు. రాజ్యరహస్యాలు అమ్ముకున్నాడని అనుమానించి షూ జ్యా ఈ సంగతి ప్రధానమంత్రి చెవిన వేశాడు. ఫాన్ జ్యూను పక్కటెముకలు విరిగేలా, పళ్ళు రాలేలా కొట్టించి, చాపలో చుట్టి మరుగుదొడ్డిలో పడవేయించారు. అతడు చచ్చినట్లు నటించి, కాపలావాడి సాయంతో తప్పించుకున్నాడు. జాంగ్ లూ అని పేరు మార్చుకుని ఛిన్ రాజ్యం చేరాడు. దూరపు రాజ్యాలతో మైత్రి నెరపి, పొరుగు రాజ్యాలను జయించాలన్న అతని నీతి రాజుకు నచ్చింది. క్రీ.పూ. 266లో ఫాన్ జ్యూ అక్కడ ప్రధానమంత్రి అయ్యాడు.

తరువాత షూ జ్యా రాయబారిగా ఛిన్‌కు వచ్చాడు. ఫాన్ జ్యూ చిరుగు బట్టలతో అతనికి ఎదురుపడ్డాడు. షూ జ్యా జాలిపడి, అన్నం పెట్టించి, ఒక పట్టు అంగీ ఇచ్చాడు. ప్రధానమంత్రి దర్శనం చేయిస్తానని రథం తోలుకువచ్చిన ఆ పేదవాడే ప్రధానమంత్రి అని భవనద్వారం వద్ద తెలిసింది. షూ జ్యా మోకాళ్ళపై పాకుతూ లోపలికి వెళ్ళి, తమరు స్వశక్తితో నీలిమేఘాలను దాటి ఎదుగుతారని ఊహించలేకపోయానని మొరపెట్టుకున్నాడు. ఫాన్ జ్యూ అతన్ని అవమానించాడు గాని ప్రాణం తీయలేదు. ఆ అంగీయే అతన్ని కాపాడింది. పాత స్నేహాన్ని మరువకపోవడాన్ని చైనీయులు నేటికీ పట్టు అంగీ కానుకతో పోలుస్తారు.

'నిటారుగా' అన్న మాట సీమా ఛియెన్ వాక్యంలో లేదు, తరువాత చేరింది. ఫాన్ జ్యూ నడిచిన దారి నిటారైనది కాదు. పైకి చేరాక కూడా పదవి నిలకడగా సాగలేదు. అతడు సిఫారసు చేసిన సేనాని 20,000 మందితో శత్రువుకు లొంగిపోయాడు. అట్టివాడిని సిఫారసు చేసినవాడికీ అదే శిక్ష పడాలని ఛిన్ చట్టం. రాజు మన్నించినా ఫాన్ జ్యూ మనసు కుదుటపడలేదు. నడినెత్తికెక్కిన సూర్యుడు వాలక తప్పదని త్సాయ్ జే అనే పండితుడు హెచ్చరించగా, క్రీ.పూ. 255లో అతనికే పదవి ఇప్పించి తాను తప్పుకున్నాడు.