గంజాయి: రకములు, గుణములు

విజయవాడ నుండి వచ్చు జాతీయ రహదారి పెద్ద అంబర్‌పేట వద్ద హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డును కలియును. అచ్చట దక్షిణముగా మళ్లిన వాహనములు ఇబ్రహీంపట్నం మండలములోని ఆదిభట్ల మీదుగా సాగి ముంబయి రహదారిని చేరగలవు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో దొంగచాటుగా పండు గంజాయిని మహారాష్ట్రకు తరలించు మార్గములలో ఈ రింగు రోడ్డు ఒకటి. ఆ సరకునకు ‘శీలావతి’ వంటి రకముల పేర్లు గలవు. ఒక్కొక్క రకము ఒక్కొక్క విధమైన ప్రభావము చూపునని అమ్మువారు చెప్పుదురు. ఈ మాటలో సత్యమెంత?

మొక్క

గంజాయి ఒక్క సంవత్సరములో పెరిగి, పూచి, చనిపోవు మొక్క. ఆడ, మగ మొక్కలు సాధారణముగా వేరువేరుగా నుండును. 1753లో లిన్నేయస్ దీనికి ‘కన్నాబిస్ సటైవా’ అని పేరిడెను. 1785లో లామార్క్ భారతదేశపు మొక్కలను వేరు జాతిగా నెంచి ‘కన్నాబిస్ ఇండికా’ అనెను. నేటి వృక్షశాస్త్రజ్ఞులలో పలువురు ఈ రెండును ఒకే జాతిలోని భేదములని తలచుచున్నారు.

దీని ఆకు చేతివ్రేళ్లవలె చీలియుండును. మన గోంగూర ఆకులోను ఈ పోలిక కనబడుటచే దాని శాస్త్రనామము ‘హైబిస్కస్ కన్నాబినస్’ అయినది. పోలిక ఆకారములోనే గాని గుణములో లేదు. గోంగూర బెండ, ప్రత్తి మొక్కల కుటుంబమునకు చెందినది.

ఒకే మొక్క, మూడు సరకులు

మన దేశములో పూర్వమునుండి వాడుకలోనున్న విభజన మొక్క భాగములను బట్టి ఏర్పడినది. ఆకులతో చేయునది భంగు. ఆడ మొక్క పూగుత్తులు గంజాయి. పూవులనుండి తీసిన జిగురు చరసు. మత్తు పదార్థము ఆకులలో తక్కువ, పూవులలో ఎక్కువ, జిగురులో మరింత ఎక్కువ. పూగుత్తులపైనుండు సూక్ష్మమైన గ్రంథి రోమములే ఆ జిగురును స్రవించును.

మత్తు ఎట్లు కలుగును?

ఈ జిగురులో నూరుకు మించిన కన్నాబినాయిడ్లు గలవు. వానిలో మత్తు కలిగించునది ముఖ్యముగా టి.హెచ్.సి. దీనిని శుద్ధరూపమున వేరుపరచి నిర్మాణమును 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు గావోని, మెషూలమ్ తెలిపిరి. పచ్చి మొక్కలో ఇది ఆమ్లరూపమున నుండును. వేడి తగిలినపుడు కార్బన్ డై ఆక్సైడును కోల్పోయి మత్తు పదార్థముగా మారును. రెండవ ముఖ్య పదార్థమైన సి.బి.డి. మత్తు కలిగించదు. శుద్ధిచేసిన సి.బి.డి.ని కొన్ని అరుదైన మూర్ఛవ్యాధులకు మందుగా 2018లో అమెరికా ఆమోదించినది.

టి.హెచ్.సి. మెదడును ప్రభావితము చేయుటకు కారణమేమి? నాడీకణములపై దానిని పట్టుకొను గ్రాహకములున్నవని 1988లో తెలిసినది. ఆ గ్రాహకములకై శరీరమే తయారుచేసికొను పదార్థము 1992లో దొరకినది. దానికి సంస్కృతములోని ‘ఆనంద’ శబ్దమునుండి ‘ఆనందమైడ్’ అని పేరు పెట్టిరి. శరీరము దానిని అవసరమైనచోట, అవసరమైనంత తయారుచేసి వెంటనే నశింపజేయును. టి.హెచ్.సి. అట్లు గాక అన్ని చోట్లను ఒకేసారి ముంచివేయును. జ్ఞాపకమునకు సంబంధించిన భాగములో కొత్త విషయములు నిలువవు. చలనమును సరిదిద్దు భాగములో తడబాటు కలుగును. గుండె వేగము హెచ్చును. కొందరికి నవ్వు, కొందరికి భయము, అనుమానము పుట్టును.

పేర్లు నమ్మదగినవా?

‘ఇండికా నిద్ర తెచ్చును, సటైవా హుషారు నిచ్చును’ అను మాట లోకమంతటను వ్యాపించినది. 2015లో కెనడా శాస్త్రజ్ఞులు 81 గంజాయి నమూనాలను, 43 నార రకపు నమూనాలను జన్యుపరీక్ష చేసిరి. గంజాయి నమూనాలకు చెప్పబడిన వంశమునకును, వాని జన్యువులకును పొంతన తరచుగా కుదరలేదు. కావున శాస్త్రీయ విభజనకు రసాయనమే ఆధారము: టి.హెచ్.సి. అధికముగా గలవి, రెండును సమముగా గలవి, సి.బి.డి. అధికముగా గలవి. వీధిలో అమ్ము పొట్లమును చూచి ఇది యే తరగతియో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. పేరు ఒకటైనను లోనున్న మోతాదు మారవచ్చును.

మోతాదు, మార్గము, వయస్సు

పొగగా పీల్చినచో కొన్ని నిమిషములలోనే మత్తు తెలియును. తిన్నచో అర్ధగంట నుండి రెండు గంటలు పట్టును. ఇంకను ఏమియు కాలేదని మరల తిన్నవారు ప్రమాదములో పడుదురు. టి.హెచ్.సి. కొవ్వులో కరగును గనుక శరీరమును త్వరగా వదలదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వయస్సు. మెదడు ఎదుగుదల సుమారు 25వ ఏటివరకు సాగును. వాడువారిలో సుమారు పది మందికొకరు అలవాటునకు బానిసలగుదురని అంచనా. కౌమారములో మొదలుపెట్టినవారిలో ఆరుగురికొకరు. 45 వేలకు మించిన స్వీడన్ యువకులను పరిశీలించి 1987లో ప్రకటించిన ఫలితములలో, ఏబదిసార్లకు మించి వాడినవారికి స్కిజోఫ్రీనియా అను మానసిక వ్యాధి ఆరు రెట్లు అధికముగా కనబడినది. ఇతర కారణములను లెక్కించినపుడు ఈ తేడా తగ్గినది గాని తొలగిపోలేదు.

చట్టము, సహాయము

1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము గంజాయి సాగు, రవాణా, వాడకము నేరములు. ఒక కిలో వరకు చిన్న పరిమాణము. 20 కిలోలకు మించినచో పదేండ్లకు తక్కువ కాని, ఇరువదేండ్ల వరకు సాగగల కఠిన శిక్ష. పొట్లము మోసిపెట్టిన కుర్రవానికిని ఈ లెక్కయే వర్తించును. అయితే అలవాటుపడి చిన్న పరిమాణముతో పట్టుబడినవాడు స్వయముగా చికిత్స కోరి ప్రభుత్వ గుర్తింపుగల సంస్థలో పూర్తిచేసికొన్నచో, విచారణ నుండి మినహాయింపు పొందుటకు ఇదే చట్టములోని 64ఎ సెక్షను వీలు కల్పించుచున్నది. 14446 అను జాతీయ టెలిఫోను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి సలహా పొందవచ్చును. తరగతిలో ఒక విద్యార్థి మతిమరుపు, చదువుపై విముఖత హఠాత్తుగా పెరిగినపుడు ఉపాధ్యాయుడు మందలించుటకు ముందు కారణము విచారించుట మంచిది. కారణము ఇదే అయినచో, ఆ పిల్లవానికి మొదట కావలసినది వైద్యుడు.